పిడికెడు జొన్నలు

జయరావు మేష్టారి కుడికాలి బొటనవేలి మీద పుండు లేచి రెండు నెలలయింది. చెప్పు కరిచిందని మొదట అనుకున్నారు. పసుపు పెట్టారు. తర్వాత వేపాకు నూరి కట్టారు. తర్వాత ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించారు. పుండు మానలేదు. అప్పుడు అతని భార్య రెబ్కా అతన్ని బస్సెక్కించి ఒంగోలు తీసుకెళ్ళింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, చక్కెర జబ్బు అని చెప్పింది.

"వేలు ఉంచాలా తియ్యాలా అన్నది వచ్చే నెల చూసి చెప్తాను. మాత్రలు వేసుకోవాలి. రోజూ కట్టు మార్చాలి. తిండి మార్చాలి. మూడూ చెయ్యాలి. రెండు చేసి వస్తే నేనేం చెయ్యలేను," అంది.

"తిండి అంటే ఎట్లాగండీ?" అని రెబ్కా అడిగింది.

"ఇప్పుడు రోజుకు ఎన్నిసార్లు అన్నం తింటున్నారు?"

"మూడు పూటలా అన్నమేనండీ," అన్నాడు జయరావు. ఆ మాట ఎవరడిగినా అతను అదే గొంతుతో చెప్పేవాడు.

మధ్యాహ్నం ఒక్కపూటే అన్నం తినమంది డాక్టరమ్మ, అదీ ఇప్పుడు తినేదాంట్లో సగం. రాత్రికి గోధుమ రొట్టె గానీ జొన్నన్నం గానీ తినాలి. ఆకుకూరలు, పప్పులు, పల్చని మజ్జిగ ఉండాలి. కాలు నేల మీద పెట్టి తిరగకూడదు. బడికి సెలవు పెట్టమని కాగితం రాసిచ్చింది.

జొన్నన్నం అనే మాట దగ్గర జయరావు కిటికీలోంచి బయటికి చూశాడు.

దర్శికి బస్సులో గంట దూరంలో ఉంది వాళ్ళ ఊరు. ఊరికి తూర్పున పాలెం, పాలెంలో వాళ్ళ ఇల్లు, చర్చి. జయరావు తండ్రి జక్రయ్య ఊళ్ళో అంకమ్మరావు గారింట్లో పాలేరుగా చేశాడు. జీతం ఏడాదికి ఇన్ని కుంచాలని జొన్నలు కొలిచేవారు. జయరావు ఆ జొన్నలు తిని చదువుకున్నాడు. టీచరు ఉద్యోగం వచ్చిన నెల బియ్యం బస్తా కొని, ఇక జొన్నలు ఈ ఇంటి గడప తొక్కకూడదని చెప్పాడు. ఇరవై రెండేళ్ళుగా తొక్కలేదు. ఈలోగా ఊళ్ళో జొన్న వేసే చేలు కూడా పోయాయి. అంతా పత్తి, మిరప. రెండు రూపాయల బియ్యం వచ్చాక పాలెంలో అందరూ అన్నం తింటున్నారు. ఊళ్ళో ఎవరైనా జొన్న వేస్తే అది గేదెలకు.

రెబ్కా బస్సులోనే లెక్క వేసుకుంది. ఇంట్లో ఐదుగురు. మొగుడికి చక్కెర. అత్త పుల్లమ్మకు పళ్ళు లేవు. పిల్లలిద్దరూ హైస్కూల్లో ఉన్నారు, ఎప్పుడూ ఆకలే. తనకు రక్తం తక్కువని పోయిన ఏడాదే ఆసుపత్రిలో చెప్పారు. ఉన్నది ఒక పొయ్యి, ఒక జీతం. మేష్టారికి ఒక వంట, మిగిలినవాళ్ళకు ఇంకో వంట చేస్తే కట్టెలు చాలవు. చాలినా, పక్కన పిల్లలు అన్నం తింటుంటే అతను వేరే ఏదీ తినడు. కాబట్టి ఐదుగురికీ సరిపోయే ఒకే వంట చెయ్యాలని అనుకుంది.

ముందు చపాతీలు చేసింది. జయరావు ఆరు తిని, చెయ్యి కడుక్కోకుండా కూచున్నాడు.

"ఏమండీ, ఇంకోటి వెయ్యనా?"

"టిఫిను అయిపోయింది. భోజనం పెట్టు."

మూడు రోజులు అట్లాగే అయ్యింది. పుల్లమ్మ చపాతీని మజ్జిగలో నానబెట్టి, అది నానేలోపు నిద్రపోయేది. నాలుగో రోజు రెబ్కా జొన్నల మాట ఎత్తింది. జయరావు కాలి కట్టు బిగించుకున్నాడు. తర్వాత, "సరే. కానీ ఈ సంగతి గడప దాటితే ఆ రోజు నుంచి మానేస్తా," అన్నాడు.

"వేలు పోయినా సరేనా?"

"వేలు పోయింది నేను చెప్తేగాని ఎవరికీ కనపడదు."

రెబ్కా దర్శి సంతకు వెళ్ళింది. పచ్చజొన్నలు ఒక్క కొట్లోనే దొరికాయి. కార్డు మీద వచ్చే బియ్యం కన్నా వాటి ధరే ఎక్కువ. కొట్టతను తూచి సంచిలో పోస్తూ, "ఎన్ని గేదెలమ్మా?" అని అడిగాడు. "ఐదు," అంది రెబ్కా.

కూరల్లో ఖర్చు సర్దింది. పెరట్లో మునగ చెట్టుంది, దాని ఆకు ఎవరూ కోసేవాళ్ళు కాదు. తోటకూర, బచ్చలి మళ్ళు కట్టింది. కందిపప్పు వారానికి రెండుసార్లు చేసి, మిగతా రోజుల్లో ఉలవలు, అలసందలు వండింది. ఉలవలు ఉడికించిన నీళ్ళు చారుకు పనికొచ్చేవి. పిల్లలకు బడి నుంచి రాగానే గుప్పెడు వేరుశనక్కాయలు, రోజు మార్చి రోజు గుడ్డు. ఎండురొయ్యలు గోంగూరలో వేసేది. మాంసం మామూలుగానే ఆదివారం. నూనె సగానికి తగ్గించింది, ఆ సంగతి మాత్రం ఎవరితోనూ అనలేదు.

జొన్నలు తడిపి దంచి పొట్టు తీయాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆ పని జరగలేదు. పుల్లమ్మ రోలు దగ్గర కూచుని చెప్పింది, రెబ్కా దంచింది. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు. ఇంటింటా కారం దంచుకుంటున్నారు కాబట్టి రోకలి చప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి రాత్రి జొన్నన్నం, తోటకూర పప్పు పెట్టింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని తిన్నారు. పుల్లమ్మ మజ్జిగ పోయించుకుని, పిసికి, రెండుసార్లు పెట్టించుకుంది.

"పళ్ళున్నప్పుడు పెట్టలేదు, ఊడినాక పెడుతున్నావు అమ్మాయ్," అంది కోడలితో.

"నీ కొడుకు వొద్దన్నాడు అత్తా."

"వాడి మాట ఎవురు ఇనమన్నారు? ఒరేయ్, నువ్వు పుట్టింది దీంతోనే."

జయరావు తల ఎత్తకుండా తిన్నాడు. పెట్టినంతా తిన్నాడు. జొన్నన్నం ఎక్కువ తినలేరని రెబ్కాకు అప్పుడు తెలిసింది. భోజనం ఎప్పుడని ఆ రాత్రి అతను అడగలేదు. పది రోజులకు పుండు అంచులు ఎండడం మొదలైంది.

ఆ చర్చి సంఘంలో ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. వంటకు గింజలు కొలిచాక, కడగక ముందు, అందులోంచి పిడికెడు తీసి గోడకు వేలాడే గుడ్డసంచిలో వెయ్యాలి. పూట తప్పకూడదు. ఆదివారం సంచి తీసుకెళ్ళి చర్చిలో బల్ల ముందున్న గంపలో పొయ్యాలి. గంపలో చేరింది పాస్టరుగారింటికి వెళ్తుంది, అది ఆయన జీతంలో భాగం. దాన్ని పిడికెడు బియ్యం అంటారు. మగవాళ్ళు ఆ సంచి జోలికి పోరు. అందులో ఏముందో చూసిన మగవాడు పాలెంలో లేడు.

రెబ్కా మొదటి రాత్రి జొన్నలు కొలిచి, సంచి దగ్గర నిలబడి ఆలోచించింది. బియ్యం డబ్బాలోంచి పిడికెడు తీసి వెయ్యొచ్చు. కానీ ఆ పూట బియ్యం వండలేదు. వండని బియ్యాన్ని వండినదాంట్లోంచి తీసినట్టు వేస్తే అది దేవుడితో అబద్ధమాడడమవుతుంది. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని, అంతా తెచ్చామని చెప్పి ప్రాణాలు పోగొట్టుకున్న అననీయ, సప్పీరాల పాఠం ఆమెకు చిన్నప్పటి నుంచి వచ్చు. జొన్నలే వేసింది. మధ్యాహ్నం బియ్యం, రాత్రి జొన్నలు, రెండూ ఒకే సంచిలో చేరాయి.

మొదటి ఆదివారం గంపలో పచ్చగింజలు కనపడితే పాస్టరుగారి భార్య సంతోషకుమారి అమ్మగారు పొరపాటున పడ్డాయనుకుంది. రెండో ఆదివారం మళ్ళీ పడ్డాయి. గంపలో కుమ్మరించేటప్పుడు చెయ్యి పెట్టి కలిపే అలవాటు వల్ల అవి బియ్యమంతటా పరుచుకున్నాయి. అన్నం ఉడికే వేళకు జొన్న ఉడకదు. మంగళవారం మధ్యాహ్నం పాస్టరు యేసుపాదం అయ్యగారి పంటి కింద ఒకటి పడింది. ఆయనకు ఆ పన్ను ఎప్పటి నుంచో కదులుతోంది. అమ్మగారు ఆ బియ్యం వండడం మానేసి, రెండు వారాలదీ బస్తాలో పోసి పక్కన పెట్టింది. మూడో ఆదివారం ఆరాధన అయ్యాక సంఘాన్ని కూచోమన్నారు.

జయరావు సంఘ కార్యదర్శి. కట్టుకట్టిన కాలు ముందుకు చాపి, కుర్చీలో కూచుని, మినిట్స్ పుస్తకం తెరిచాడు. అయ్యగారు సంగతి చెప్పారు. పన్ను గురించి కూడా చెప్పారు.

పెద్దల్లో ఒకడైన బాలస్వామి లేచాడు. "రెండు రూపాయల బియ్యం తెచ్చుకుని ఊళ్ళో అమ్ముకుంటున్నారండీ. గంపలో గేదెల దాణా పోస్తున్నారు. ఇది ఊరుకునే సంగతి కాదు."

"ఇంట్లో బియ్యం లేక వేశారేమో," అన్నాడు వెనక నుంచి ఒకతను.

"లేకపోతే మానుకోవచ్చు," అన్నాడు జయరావు. అతనికి నిజంగానే కోపం వచ్చింది. రాత్రి పూట జొన్నలు వండేది తన ఇంట్లో అని అతనికి తెలుసు. సంచి సంగతి తెలియదు. తమ ఇంటి నుంచి మొలగొలుకుల బియ్యం వెళ్తుందని, పాలెం మొత్తంలో అంత మంచి బియ్యం ఇచ్చే ఇల్లు ఇంకోటి లేదని అతని నమ్మకం. "కయీను కూడా అర్పణ తెచ్చాడు. దేవుడు లక్ష్యపెట్టలేదు. మనం తినే తిండి ఒకటి, దేవుడికి పోసేది ఒకటా? దీనికి తీర్మానం చెయ్యాలి."

తీర్మానం తనే చెప్పి, తనే రాశాడు. ఎవరింటి జొన్నలైతే ఆ ఇంటి యజమాని ఆ బస్తా తీసుకెళ్ళి, గింజా గింజా ఏరి, బియ్యం బాగుచేసి అయ్యగారింట్లో అప్పజెప్పాలి.

"ఆడోళ్ళు ఏరొచ్చాండీ?" అని అడిగాడు బాలస్వామి.

"కూడదు. ఆడోళ్ళు రోజూ ఏరుతూనే ఉంటారు. ఇంక శిక్ష ఏముంది? యజమాని స్వహస్తాలతో అని రాస్తున్నా."

పెద్దలు సంతకాలు చేశారు. అప్పుడు అయ్యగారు ఆడవాళ్ళ వైపు తిరిగి, ఎవరో చెబితే మంచిదన్నారు.

మొగుడు గడప మాట అనడం రెబ్కాకు గుర్తుంది. చెబితే జొన్నలు మానేస్తాడు. ఒంగోలు వెళ్ళాల్సింది పన్నెండు రోజుల్లో. ఇదంతా తెలిసే లేచింది.

"మేమే అయ్యగారూ."

"మేమంటే?"

"మా ఇంట్లోనేనండీ. ఈయనకి చక్కెర. రాత్రి పూట జొన్నలు వండుతున్నాం. వండేదాంట్లోంచి పిడికెడు తీశాను."

అందరూ జయరావు వైపు తిరిగారు. తర్వాత అమ్మగారు అంది. "బియ్యం వేసేస్తే పోయేది కదా రెబ్కా."

"బియ్యం ఎసట్లో పోయలేదు కదమ్మగారూ. పోసినట్టు ఎట్లా వెయ్యను? అననీయ, సప్పీరా సంగతి పోయిన నెల మీరే చెప్పారు."

అమ్మగారు ఆ పాఠం చెప్పిన మాట నిజమే. బాలస్వామి పుస్తకం అందుకుని, ఎవరూ అడగకపోయినా, తీర్మానం చివరి వాక్యం ఇంకోసారి చదివాడు.

బస్తా రిక్షాలో ఇంటికి వచ్చింది.

"గడప దాటితే మానేస్తానన్నా," అన్నాడు జయరావు.

"అన్నారు."

"నోరు మూసుకుని కూచోలేకపోయావా?"

"అయ్యగారు అడిగారు. చర్చిలో అడిగారు."

"రాత్రికి అన్నం వండు."

రెబ్కా అన్నం వండింది. ఇంట్లో ఒకే వంట కాబట్టి అందరూ అన్నమే తిన్నారు. పుల్లమ్మ, "పదిహేను రోజులు మనుషుల్లాగా తిన్నాం," అని పడుకుంది. సోమవారం రాత్రి అన్నం. మంగళవారం రాత్రి అన్నం. బుధవారం పొద్దున కట్టు విప్పితే దూది తడిగా ఉంది. రెబ్కా ఆ దూదిని పళ్ళెంలో పెట్టి మొగుడి ముందు పెట్టింది.

"నాకెందుకు చూపిస్తావు?"

"వేలు మీది కాబట్టి."

బియ్యం ఏరడం సోమవారమే మొదలైంది. ఇంట్లోపల వెలుతురు చాలదు, పచ్చగింజ కనపడదు. అందుకని అరుగు మీద కూచోవాల్సి వచ్చింది. ఒళ్ళో చాట, ఎదురుగా స్టూలు మీద కాలు, పక్కన బస్తా. పుల్లమ్మ దగ్గర్లో కూచుంది. తీర్మానం ప్రకారం చెయ్యి పెట్టలేదు గానీ, చూపుడు వేలితో చూపిస్తూ ఉంది.

"అదుగో, అది వొదిలేశావు. దాని పక్కది. అది రాయి, జొన్న కాదు. నువ్వు పిల్లోళ్ళకి చదువెట్లా చెప్తున్నావురా?"

"అమ్మా, లోపలికి పో."

"లోపల ఏముంది? అన్నవేగా."

పొద్దున్నే మిరపకాయలు కొయ్యడానికి వెళ్ళే ఆడకూలీలు ఆ అరుగు ముందు నుంచే పోవాలి. సోమవారం వాళ్ళు కాసేపు ఆగారు.

"మేష్టారూ, మా ఇంట్లో కందిపప్పులో రాళ్ళున్నయ్. తెమ్మంటారా?"

"పాపం, ఆయన్ని కదిలించమాకండే. లెక్క తప్పుద్ది."

సాయంత్రం తిరిగి వస్తూ, "ఇంకా అవలా మేష్టారూ? మేం ఈలోపు రెండెకరాలు కోశాం," అన్నారు. మంగళవారం ఇంకో రెండు మాటలు అన్నారు. బుధవారానికి వాళ్ళ దగ్గర కొత్తవి అయిపోయాయి. తల ఊపి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకామె మాత్రం వెనక్కి వచ్చి, తన మొగుడికి కూడా ఒంగోల్లో అదే జబ్బు చెప్పారని, జొన్నలు ఎక్కడ దొరుకుతాయని రెబ్కాను అడిగి పోయింది.

బుధవారం మధ్యాహ్నం అంకమ్మరావు సైకిలు మీద వచ్చాడు. గుంటూరు యార్డుకు తన మిరపకాయ బస్తాలు తీసుకెళ్ళే లారీ కోసం పాలెంలో హమాలీలను పిలవడానికి వచ్చాడు. అరుగు ముందు సైకిలు ఆపి, ఒక కాలు నేల మీద పెట్టాడు.

"ఏం మేష్టరూ, జొన్నలంట?"

"అవునండీ."

"తింటున్నావంటగా?"

మూడు రాత్రులుగా జయరావు తింటున్నది అన్నం. చాటలోంచి ఒక గింజ తీసి గిన్నెలో వేశాడు.

"తింటున్నానండీ."

"మంచిదే. పొలం గట్టున గేదెలకని వేశాను, బాగానే వచ్చినయ్. ఓ బస్తా పంపిస్తాలే. మీ నాన్నకి ఏటేటా కొలిచింది మేమే కదా. ఆ కుంచం ఇంకా ఉంది మా ఇంట్లో."

రెబ్కా తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. పుల్లమ్మ చూపుడు వేలు చాట మీద ఆగింది. జయరావు చాట పక్కన పెట్టాడు.

"కుంచంతో వద్దండీ. కాటా వేయించండి."

"కాటా ఎందుకయ్యా? నువ్వేమన్నా పరాయోడివా? ఊరికే తీసుకో."

"దర్శి సంతలో ఏం రేటుందో ఆ రేటు ఇస్తాను. తూకం వేస్తేనే తీసుకుంటా."

అంకమ్మరావు పాలెం వైపు ఒకసారి చూసి, మళ్ళీ అతని వైపు చూశాడు. "ఇవాళ మిరపకాయల కాటా ఖాళీ లేదు. లారీ వెళ్ళాక వేయిస్తా."

"వెయ్యండి. తూకం రాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి."

"నడవొద్దన్నారంటగా నిన్ను?"

"మా ఆవిడ వస్తుంది."

"రెండు బస్తాలు చెప్పండి," అంది రెబ్కా తలుపు దగ్గర నుంచి.

అంకమ్మరావు రెండూ వేయిస్తానన్నాడు. సైకిలెక్కాడు. కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగి, "మా ఇంటామె రాఘవమ్మక్కూడా చక్కెరుందన్నారు. ఆమె తినదు, గేదెల తిండంటది," అని చెప్పి వెళ్ళిపోయాడు.

జయరావు మళ్ళీ చాట ఒళ్ళోకి తీసుకున్నాడు.

"రెబ్కా."

"ఊఁ."

"రాత్రికి ఇంట్లో జొన్నలున్నాయా?"

"దంచినవి ఒక పూటకి ఉన్నయ్."

"వండు."

శనివారానికి బస్తా ఏరడం అయ్యింది. బియ్యం అయ్యగారింటికి వెళ్ళింది. ఏరిన జొన్నలు ఎవరికి చెందుతాయో తీర్మానంలో రాయలేదు. జయరావు వాటినీ వేరే మూట కట్టి పంపించాడు. సంచిలో పడింది దేవుడిదే కదా అని చెప్పమన్నాడు. అయ్యగారు పన్ను పీకించుకున్నాక చూద్దామని అమ్మగారు మూట అటక మీద పెట్టించింది. మరుసటి ఆదివారం గంప పక్కన రెండో గంప పెట్టారు. రెబ్కా అందులో పోసింది. అప్పుడే పోసిన ఇంకొకరి గింజలు కూడా అడుగున ఉన్నాయి. ఎవరివో ఎవరూ అడగలేదు.

అనుకున్న రోజుకు ఒంగోలు వెళ్ళారు. డాక్టరమ్మ కట్టు విప్పించి, వేలు నొక్కి చూసింది. రక్తపరీక్ష కాగితం చూసింది. మధ్యలో కొన్ని రోజులు ఏం చేశారని అడిగింది. జయరావు చెప్పాడు. ఆమె కళ్ళద్దాలు తీసి అతని వైపు చూసి, మళ్ళీ పెట్టుకుంది.

"ఇప్పటికి తియ్యక్కర్లేదు. నెల తర్వాత రండి. ఇదే తిండి. ఆదివారాలు కూడా," అంది.

తిరుగు బస్సులో రెబ్కాకు కిటికీ పక్కన చోటు దొరికింది. జయరావు కాలు నడవలోకి చాపి కూచున్నాడు. కండక్టరు రెండుసార్లు దాటుకుని పోయాడు. దర్శి దాటాక జయరావు అడిగాడు.

"రాత్రికి కూరేం చేస్తావు?"

"బచ్చలి."

"నిన్న కూడా బచ్చలేగా?"

"మొన్న."

"నిన్ననే. నాకు తెలుసు."

"నిన్న మునగాకు. మీరే రెండోసారి పెట్టించుకున్నారు."

జయరావు చాపిన కాలు కొంచెం లోపలికి లాక్కున్నాడు. "పప్పులో వెయ్యి అయితే," అన్నాడు. "విడిగా వద్దు."